వాల్వు సంగతి అత్తింట్లో చెప్పలేదు, ఇప్పుడు పిల్లల్ని కనవచ్చా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లె. ఏడో తరగతిలో ఉన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చింది, చాలా రోజులు బడికి పోలేదు. 19 ఏళ్లప్పుడు ఆయాసం వస్తుంటే హైదరాబాద్ తీసుకుపోయారు. గుండెలో వాల్వు మూసుకుపోయిందని తొడ దగ్గర్నుంచి బెలూన్ పంపించి తెరిచారు. 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ తప్పకుండా వేయించుకోమన్నారు. పోయిన ఏడాది పెళ్లయింది. బెలూన్ సంగతి అత్తింట్లో ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. పుట్టింటికి పోయినప్పుడే ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను, ఒక్కోసారి రెండు నెలలు దాటిపోతోంది. మూడు నెలలుగా బిందె ఎత్తినా, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోయినా ఆయాసం వస్తోంది. రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నాను. ఇక్కడి డాక్టర్‌కు చూపిస్తే రక్తం తక్కువుందని మాత్రలు రాశారు. అత్తమ్మ పక్కనే ఉండటంతో ఆయనకు పాత సంగతి చెప్పలేకపోయాను. ఏమన్నా విశేషమా అని అందరూ అడుగుతున్నారు. నేను పిల్లల్ని కనవచ్చా? మా ఆయన మంచివాడే, ఆయనకు చెప్పాలా? ఒక్కపొద్దులు ఉండొచ్చా? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, పిల్లల సంగతికి తర్వాత వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపింది ఆ రెండు దిండ్ల మాట. ఒకసారి బెలూన్ వేయించుకున్న మనిషికి మూడు నెలలుగా ఆయాసం వస్తోందంటే, వెల్లకిలా పడుకోవడం కష్టమవుతోందంటే, రక్తం మాత్రలు వేసుకుంటూ ఎదురుచూసే పరిస్థితి కాదు. ఈ వారంలోనే గుండె డాక్టర్‌ను కలిసి ఎకో పరీక్ష (ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూసే పరీక్ష) చేయించుకోండి. పండగ అయ్యాక పోదాం, పుట్టింటికి వెళ్లినప్పుడు చూద్దాం అనుకోవద్దు. ఈలోగా రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవలసి వచ్చినా, దగ్గితే గులాబీ రంగు నురగ గానీ రక్తం గానీ పడినా, గుండె అడ్డదిడ్డంగా వేగంగా కొట్టుకుంటున్నా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయించండి.

ఎకో రిపోర్టు చేతికొచ్చి, డాక్టర్ చూసి సరే అనేదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి. ప్రస్తుతానికి కండోమ్ చాలు. మందుల షాపులో దొరికే గర్భనిరోధక మాత్రలు సొంతంగా మొదలుపెట్టవద్దు. చాలా రకాల్లో ఉండే ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది, మీ వాల్వు జబ్బులో గడ్డల భయం ముందే ఉంటుంది. ఒకవేళ నెలసరి ఇప్పటికే తప్పి ఉంటే వెంటనే పరీక్ష చేసుకోండి. గర్భం ఉన్నట్టు తేలితే కంగారుపడి షాపులో అబార్షన్ మాత్రలు కొని మింగవద్దు. అసలే రక్తం తక్కువున్న మీకు ఇంట్లో ఆగని రక్తస్రావం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. గర్భంతో ఉండగానే బెలూన్ వేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నాలుగు నెలలు నిండాక, పొట్టకు రేడియేషన్ తగలకుండా కవచం కప్పి చేస్తారు. దారి మూసుకుపోయిందేమీ లేదు. కానీ ముందుగా చూసుకుని గర్భం దాల్చడానికి, గర్భం వచ్చాక పరుగులు పెట్టడానికి చాలా తేడా ఉంది. నేను మీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

మీకు ఏం జరిగిందో తెలిస్తే ఈ తేడా ఎందుకో అర్థమవుతుంది. చిన్నప్పుడు కీళ్లు వాచిన జ్వరానికి ముందు మీకు గొంతునొప్పి వచ్చి ఉంటుంది, ఎవరూ పట్టించుకుని ఉండరు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరినప్పుడు, దాన్ని చంపడానికి ఒంట్లో తయారయ్యే రక్షణ బలగం కొందరు పిల్లల్లో సొంత కీళ్ల మీద, గుండె మీద కూడా పడుతుంది. కీళ్ల వాపు కొన్నాళ్లకు మచ్చ లేకుండా తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. గుండెలో ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉండే మైట్రల్ వాల్వుకు మాత్రం ఆ దెబ్బ మిగిలిపోతుంది. ఆ సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి మళ్లీ వస్తే ఇంకో దెబ్బ తగలవచ్చు. అలా ఏళ్ల తరబడి వాల్వు రేకులు మందమై, అంచులు అతుక్కుపోయి, సగమే తెరుచుకునే తలుపులా తయారవుతుంది. మామూలుగా ఆ వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దాకా తెరుచుకోవాలి. 1.5 కంటే తగ్గితే బాగా ఇరుకైందని లెక్క. కిందికి పోలేని రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎదురుతన్నుతుంది. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా గుండెకు చేరి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తల ఎత్తుగా పెట్టుకుంటే మీకు కాస్త హాయిగా ఉంటున్నది అందుకే.

ఇరుకు గదుల్లో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో, గొంతునొప్పికి డాక్టర్ దాకా వెళ్లలేని చోట్ల వచ్చే జబ్బిది, రుమాటిక్ గుండె జబ్బు అంటారు. ఇళ్లు మెరుగుపడి, పెనిసిలిన్ అందరికీ అందిన దేశాల్లో దాదాపు కనుమరుగైంది. మన దగ్గర ఇంకా పోలేదు. అందులోనూ ఈ వాల్వు ఇరుకుతో వచ్చేవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. పెళ్లీడు పిల్లలు, కొత్త కోడళ్లు, బాలింతలు. వాళ్ల ఆయాసానికి పెట్టే పేర్లేమో రక్తం తక్కువ, నీరసం, టెన్షన్, గ్యాస్. మీకు రక్తం తక్కువుందని ఆ డాక్టర్ చెప్పింది నిజమే అయి ఉంటుంది. రక్తహీనత ఉంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకుని మీ ఆయాసాన్ని పెంచుతుంది కూడా. ఐరన్ మాత్రలు మానొద్దు. టీతో కలిపి మాత్రం వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. కానీ రక్తం తక్కువుందని తేలినంత మాత్రాన వాల్వు బాగున్నట్టు కాదు. మీలో రెండూ ఉండవచ్చు. ఆ డాక్టర్‌కు ఉన్నది సగం సమాచారమే. మీరు చెప్పలేకపోయిన ఆ ఒక్క మాట తెలిసి ఉంటే వెంటనే గుండె మీద స్టెతస్కోప్ పెట్టి వినేవారు, ఎకో రాసి పంపేవారు.

బెలూన్ గురించి రెండు మాటలు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1982లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, గుండె పై గదుల మధ్య గోడను దాటించి, వాల్వు మధ్యలో బెలూన్ ఉబ్బిస్తారు. అతుక్కుపోయిన అంచులు విడిపోతాయి. ఛాతీ కోయకుండానే దారి తెరుచుకుంటుంది. ఎంత గొప్పదైనా ఇది వాల్వును కొత్తదిగా మార్చే చికిత్స కాదు. మచ్చలు అలాగే ఉంటాయి, కొన్నేళ్లకు మళ్లీ ఇరుకవ్వచ్చు. బెలూన్ వేసి అయిదేళ్లయింది, ఇంజెక్షన్లు తప్పాయి, ఆయాసం వచ్చింది. ఈ మూడూ కలిపి చూస్తే నాకు మళ్లీ ఇరుకైందేమోనన్న అనుమానమే ముందు వస్తోంది. ఎకో చూడకుండా అదే అని చెప్పలేను.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితాలు, బెలూన్ ముందు, తర్వాత తీసిన ఎకో రిపోర్టులు పట్టుకెళ్లండి. అవి అమ్మ దగ్గర ట్రంకు పెట్టెలో ఉంటే ఫొటో తీయించి ఫోన్లోకి తెప్పించుకోండి. ఈసారి రిపోర్టులో వాల్వు వైశాల్యం ఎంత, వాల్వు సరిగా మూసుకోక రక్తం వెనక్కి లీకవడం ఎంత, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎంత, గుండె లయ సరిగా ఉందా లేదా అన్నవి డాక్టర్‌ను అడిగి రాసుకోండి. మీ పిల్లల ప్రశ్నకు జవాబు వీటిలోనే ఉంది.

గర్భం వస్తే ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడదానికి ఇది లెక్కలోది కాదు. సగం తెరుచుకునే తలుపు ముందు మాత్రం జనం ఒకటిన్నర రెట్లు అయినట్టు, పైగా తలుపు తెరిచి ఉంచే సమయం తగ్గిపోయినట్టు. అందుకే వాల్వు ఇరుకున్న వాళ్లలో చాలామందికి మొదటి నాలుగు నెలలు బాగానే గడుస్తాయి. ఆరో నెల నుంచి ఆయాసం, దగ్గు మొదలవుతాయి. 28 నుంచి 32 వారాల మధ్య గుండె మీద భారం పతాక స్థాయికి చేరుతుంది. చుట్టుపక్కల వాళ్లంతా "కడుపుతో ఉన్నదానికి ఆయాసం మామూలే" అంటారు. ఉబ్బసం అనుకుని పఫ్ ఇచ్చేవాళ్లూ ఉంటారు. మరో గండం కాన్పు రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుని అందులోని రక్తాన్ని ఒక్కసారిగా గుండె వైపు నెడుతుంది. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం అని స్వీట్లు పంచుతున్న ఆ గంటల్లోనే తల్లి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉంటుంది.

మన ఆచారం ఒకటి ఇక్కడ అడ్డొస్తుంది. సీమంతం చేసి ఏడో నెలలో పురుటికి పుట్టింటికి పంపుతారు. అప్పటిదాకా చూసిన డాక్టర్ మారిపోతారు, కాగితాలు సగం అక్కడ, సగం ఇక్కడ. గుండెకు అత్యంత కష్టమైన వారాలు సరిగ్గా అవే. మీ విషయంలో పురుడు ఏ ఇంట్లో అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏ ఆసుపత్రిలో అన్నది గర్భం రాకముందే తేల్చుకోవాలి.

ఇక పిల్లల్ని కనవచ్చా? వాల్వు చాలినంత తెరుచుకుంటూ, ఊపిరితిత్తుల ప్రెషర్ మామూలుగా ఉండి, ఆయాసానికి కారణం రక్తహీనతే అని తేలితే, ముందు రక్తం పెంచుకోండి. ఆ తర్వాత గుండె డాక్టర్, కాన్పుల డాక్టర్ కలిసి చూసే చోట నిశ్చింతగా గర్భం దాల్చవచ్చు. వాల్వు మళ్లీ ఇరుకైందని తేలితే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. వాల్వు రేకులు మరీ గట్టిపడకుండా, లీకు పెద్దగా లేకుండా, గుండె గదిలో రక్తం గడ్డ లేకుండా ఉంటే రెండోసారి కూడా బెలూన్ వేయవచ్చు. గడ్డ ఉందో లేదో చూడటానికి గొంతులోంచి గొట్టం పంపి ఇంకో రకం ఎకో చేస్తారు, భయపడకండి. బెలూన్ తర్వాత ఎన్నాళ్లు ఆగాలో వాళ్లే చెబుతారు. ఇలా సరిచేయించుకున్నాక సుఖంగా తల్లులైన వాళ్లు ఎంతోమంది. పిల్లలు వద్దనుకోమని నేను మీకు చెప్పడం లేదు. ఈ స్థితిలో, ఈ ఆయాసంతో, ఎవరికీ తెలియకుండా గర్భం మోయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

బెలూన్ కుదరదు, వాల్వు మార్చాలి అంటే కథ కాస్త మారుతుంది. అప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే "నేను పిల్లల్ని కనాలనుకుంటున్నాను" అన్న మాట మీ నోటితో మీరే సర్జన్‌తో చెప్పాలి. లోహపు వాల్వు చాలా ఏళ్లు మన్నుతుంది. కానీ గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మందులు జీవితాంతం వేసుకుంటూ, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆ మందులు గర్భం తొలి నెలల్లో, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు హాని చేయగలవు. వాటి బదులు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డకు ఆ ప్రమాదం ఉండదు, కానీ తల్లి వాల్వు మీద గడ్డ ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. డోసు చూసుకుంటూ ఈ రెంటి మధ్య నడిపించడం అనుభవం ఉన్న డాక్టర్ల పని. జంతు కణజాలంతో చేసిన వాల్వుకు సాధారణంగా జీవితాంతం ఈ మందులు అక్కర్లేదు. చిన్న వయసు వాళ్లలో అది త్వరగా పాడవుతుంది, కొన్నేళ్లకు మళ్లీ ఆపరేషన్ తప్పదు. ఏది మేలన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మీ కోరిక ఏమిటో తెలియకుండా ఆ నిర్ణయం మీ తరఫున ఎవరూ తీసుకోకూడదు.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. బెంజథిన్ పెనిసిలిన్ 12 లక్షల యూనిట్లు ఒకసారి వేస్తే మూడు వారాల పాటు మెల్లగా రక్తంలోకి దిగుతూ ఆ స్ట్రెప్టోకాకస్ మళ్లీ చేరకుండా కాపలా కాస్తుంది. 21 రోజులు అన్నది అందుకే. రెండు నెలలకోసారి వేయించుకుంటే మధ్యలో అయిదారు వారాలు మీ వాల్వుకు కాపలా లేనట్టే. వాల్వు దెబ్బతిన్నవాళ్లు కనీసం 40 ఏళ్లు వచ్చేదాకా దీన్ని కొనసాగించాలి, కొందరు ఆ తర్వాత కూడా. గర్భం వస్తే ఆపేయాలని ఊళ్లో ఎవరైనా అంటే వినవద్దు. పెనిసిలిన్ కడుపులోని బిడ్డకు హాని చేయదు.

అలాగని ఈ ఉత్తరం చదివి రేపే వెళ్లి వేయించుకోకండి. వాల్వు బాగా ఇరుకైనవాళ్లు, ఆయాసంతో ఉన్నవాళ్లు ఇంజెక్షన్ వేయించుకున్న కాసేపటికే కుప్పకూలిన సందర్భాలు ఉన్నాయి. అందరూ దాన్ని మందు పడక వచ్చిన అలర్జీ అనుకునేవారు. సూది నొప్పికి, భయానికి బీపీ, నాడి ఒక్కసారిగా పడిపోతే బలహీనమైన గుండె తట్టుకోలేకపోవడం వల్ల కూడా అలా జరుగుతుందని ఇప్పుడు భావిస్తున్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఇదే చెబుతూ, అలాంటివాళ్లకు ఇంజెక్షన్ బదులు రోజూ వేసుకునే పెనిసిలిన్ మాత్రలు మేలని సూచించింది. కాబట్టి ఎకో అయ్యేదాకా మీకు ఏది మంచిదో గుండె డాక్టర్‌నే అడగండి. మాత్రలైతే ఒక్క పూట కూడా మరిచిపోకూడదు. తర్వాత మళ్లీ ఇంజెక్షన్ మొదలుపెడితే ఖాళీ కడుపుతో వెళ్లకండి. కాస్త తిని, నీళ్లు తాగి వెళ్లండి. పడుకుని వేయించుకోండి, కాసేపు అక్కడే ఉండండి. సూది మందును చేతుల్లో పట్టుకుని వెచ్చబరిచి, నిదానంగా ఎక్కిస్తే నొప్పి తగ్గుతుంది. నర్సమ్మను అడగడానికి మొహమాటపడకండి. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయడానికి జంకితే గుండె డాక్టర్ చేత రాయించుకున్న చీటీ చూపించండి.

ఇవన్నీ జరగాలంటే మీ ఆయనకు తెలియాలి. చెప్పాలా అని అడిగారు. చెప్పాలమ్మా. అమ్మ ఒట్టు వేయించుకున్నది మీ మీద ప్రేమతో, పెళ్లి చెడిపోతుందన్న భయంతో. ఆమెను తప్పుపట్టబుద్ధి కావడం లేదు. వాల్వు జబ్బని తెలిసి సంబంధాలు తప్పిపోయిన ఆడపిల్లల గోడు నేనూ విన్నాను. కానీ ఆ దాపరికం ఇప్పుడు మీ ఇంజెక్షన్లను తప్పిస్తోంది, డాక్టర్ ముందు మీ నోరు కట్టేస్తోంది. రేపు గర్భంలో రాత్రిపూట ఊపిరాడకపోతే మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో పక్కనున్న మనిషికి తెలియని పరిస్థితి తెస్తుంది. ఒట్టు సంగతి అమ్మతో ముందే మాట్లాడండి. "ఆయాసం వస్తోంది, ఇక దాచలేను, నువ్వు కూడా నాతో రా" అనండి. తన కూతురు రెండు దిండ్ల మీద పడుకుంటోందని తెలిస్తే ఏ తల్లీ ఆ ఒట్టు పట్టుకుని కూర్చోదు.

ఆయనకు ఒక్కరికే, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. "చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి గుండెలో ఒక వాల్వు దెబ్బతింది. 19 ఏళ్లప్పుడు బెలూన్ వేశారు. భయంతో నీకు చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ ఆయాసం వస్తోంది. పిల్లల్ని కనేముందు పరీక్ష చేయించుకోవాలి, నువ్వు నా పక్కన ఉండాలి." ఇంతే. ఆయన మనసులో మెదిలే భయాలకు జవాబు కూడా ఇచ్చేయండి. ఇది అంటుజబ్బు కాదు, కాపురానికి అడ్డు కాదు, పుట్టుకతో వచ్చిన లోపం కాదు, మీ వాల్వు దెబ్బతిన్నంత మాత్రాన పుట్టే బిడ్డ గుండెకు ఏమీ కాదు. మొదట కోపం రావచ్చు. జబ్బు గురించి కంటే దాచినందుకే ఎక్కువ నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి న్యాయమైనదేనని ఒప్పుకోండి. మీరే అన్నారుగా మంచివాడని.

ఎకో గదిలోకి ఆయన్నీ రానివ్వమని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. మిమ్మల్ని ఎడమవైపుకు తిరిగి పడుకోమంటారు, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. తెర మీద నలుపు తెలుపుల్లో వాల్వు రేకులు కొట్టుకుంటూ కనిపిస్తాయి. ఇరుకైన వాల్వు రేకు మోకాలు వంచినట్టు వంగి ఆగిపోతుంది, పక్కనున్న వాల్వు చకచకా తెరుచుకుని మూసుకుంటుంది. ఏది ఏమిటో చూపించమని డాక్టర్‌ను అడగండి. వాల్వు చెడిందంటే ఏదో అర్థంకాని శాపమన్నట్టు హడలిపోయే భర్తలు, తెర మీద ఆ చిన్న రేకును చూశాక "దీన్ని బాగుచేయడానికి ఏం చేయాలి" అని అడగడం మొదలుపెడతారు. అత్తమ్మకు ఎలా చెప్పాలన్నది ఆ తర్వాత మీరిద్దరూ కలిసి ఆలోచించుకోండి. కొడుకు నోటినుంచి వింటే ఆమె తీసుకునే తీరు వేరుగా ఉంటుంది. ఏడాది తిరిగినా విశేషం లేదేమని మిమ్మల్ని అడిగే వాళ్లందరికీ సమాధానం చెప్పే భారం కూడా అప్పుడు ఆయనది అవుతుంది.

ఒకవేళ ఆయన అర్థం చేసుకోకపోయినా, గొడవ జరిగినా, ఎకో మాత్రం ఆపవద్దు. అమ్మతోనో అన్నతోనో కలిసి వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలంటే, గుండె విభాగం, కాన్పుల విభాగం రెండూ ఉన్న చోటికి. మీకు దగ్గరలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి ఉంది. ఇలాంటి ఉత్తరమే విశాఖ వైపు నుంచి వస్తే అక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) పేరు చెప్పేదాన్ని. బెలూన్, వాల్వు ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద చేస్తారు, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. గర్భం వచ్చాక ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎం‌కు మొదటి నెలలోనే చెప్పి మీ పేరు ప్రమాదం ఎక్కువున్న గర్భిణుల జాబితాలో రాయించండి. గుండె జబ్బు ఉంటే సిజేరియనే చేయాలని అనుకుంటారు. వాల్వు జబ్బులో చాలామందికి నొప్పి తెలియకుండా మందిచ్చి మామూలు కాన్పు చేయడమే మంచిది. కాన్పయ్యాక మూడో రోజే ఇంటికి పంపేయమని తొందరపెట్టవద్దు. ఒక్క బిడ్డ చాలు అని డాక్టర్లు సలహా ఇస్తే అది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు.

రోజువారీ జాగ్రత్తలు పెద్దగా ఏమీ లేవు. ఎకో అయ్యేదాకా బిందెలు ఎత్తవద్దు, చిన్న బకెట్లతో తెచ్చుకోండి లేదా ఆయన్ను తెమ్మనండి. ఉప్పు తగ్గించండి. మన ఇళ్లలో ఉప్పంతా కూరలో కంటే పచ్చడి జాడీలో, అప్పడాల్లో, ఎండు చేపల్లో ఉంటుంది. నీరు పోయే మాత్రలు గానీ, గుండె వేగం తగ్గించే మాత్రలు గానీ రాస్తే కాస్త బాగైందని మానేయకండి. పళ్లు శుభ్రంగా ఉంచుకోండి. పన్ను పీకించుకోవాల్సి వస్తే వాల్వు జబ్బుందని ముందే చెప్పండి. గొంతునొప్పి వస్తే ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకోకుండా అదే రోజు చూపించుకోండి. ఇంట్లో మీ ఆడపడుచు పిల్లలో, బావగారి పిల్లలో ఉంటే వాళ్లకూ అంతే. గొంతునొప్పి, జ్వరం వచ్చినప్పుడు డాక్టర్ రాసిన మందు పూర్తి కోర్సు వాడితే వాళ్లకు మీ జబ్బు రాకుండా ఆపవచ్చు. ఈ మాట మీ ఇంట్లో అందరికంటే గట్టిగా చెప్పగలిగింది మీరే.

ఒక్కపొద్దుల గురించి అడిగారు. ప్రస్తుతానికి వద్దు. రక్తం తక్కువుంది, గుండె సంగతి తేలలేదు, రేపు నీరు పోయే మాత్రలు మొదలుపెట్టవచ్చు. ఆ మాత్రలు వేసుకుంటూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వాల్వు సరిచేయించుకుని రక్తం పెరిగాక, పొద్దుటి మందులు నీళ్లతో వేసుకుని, పాలు పండ్లు తీసుకుంటూ ఉండే ఒక్కపొద్దు అయితే డాక్టర్‌ను అడిగి ఉండవచ్చు. ఎకో రిపోర్టు రాగానే మళ్లీ రాయండి. వాల్వు వైశాల్యం, ప్రెషర్ అంకెలు రాస్తే మీ తర్వాతి అడుగు గురించి ఇంకా వివరంగా చెబుతాను.